కీళ్లు, కండరాల ఫిజియోథెరపీలో ఉన్న విశాఖవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ. మా చెల్లి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) అయ్యాక మద్దిలపాలెంలో ఒక క్లినిక్‌లో చేరింది. నడుం నొప్పి, ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం), మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువ. ఒకరికి మెషిన్ పెట్టి, అది నడుస్తుండగానే ఇంకొకరి భుజం కదిలించాలి. గోనియోమీటర్‌తో చెయ్యి ఎంతవరకు లేస్తోందో కొలిచి రాసుకునే తీరిక కూడా దొరకట్లేదట. సరిగ్గా పరీక్షించి, దగ్గరుండి వ్యాయామం నేర్పించడమే కదండీ ఈ పనికి ప్రాణం! రాత్రయ్యేసరికి తన బొటనవేళ్లే లాగేస్తున్నాయి. సాయంత్రాలు గాజువాక వైపు హోమ్ విజిట్లు, పెట్రోల్ ఖర్చు తనదే.

రోజుకి ఎంతమందిని చూడటం సబబు? చేతులు పాడవకుండా మీరేం చేస్తున్నారు? 2 ఏళ్లు ఆర్థో ఎంపీటీ (ఎముకలు, కీళ్ల ఫిజియోథెరపీలో పీజీ) చేస్తే పరిస్థితి మారుతుందా, లేక ఇప్పుడే పెద్దాసుపత్రికి మారడం మేలా?