పెయింటర్లు వచ్చేలోపు ఇల్లు సిద్ధం చేయాల్సింది మనమా, వాళ్లా?

మెట్లకిందిగది:
వచ్చే సోమవారం నుంచి ఇంటికి రంగులు వేయిస్తున్నాం. రెండు గదులు, ఒక హాలు. పని మాట్లాడుకున్న రోజు "అన్నీ మేమే చూసుకుంటాం" అన్నారు. నిన్న ఫోన్ చేసి "గదులు ఖాళీ చేసి, గోడలు శుభ్రం చేసి ఉంచండి" అంటున్నారు. సామాను జరపడం, మేకులు పీకడం, గోడలు గీకడం కూడా మేమే చేసుకుంటే వాళ్లకు అంత డబ్బు ఎందుకు ఇస్తున్నట్టు? నా లెక్కలో ఇదంతా వాళ్ల పనే. మీరేమంటారు?

వానచినుకు:
నాదీ అదే మాట. మా ఇంట్లో ఉన్నది నేనూ, డెబ్భై దాటిన మా అమ్మా. బీరువా మేం జరపగలమా? వాళ్లనే జరపమన్నాం, జరిపారు.

దక్షిణపుగాలి:
బీరువా వరకు సరే. లోపలి వస్తువులు మాత్రం మీరే తీసి పెట్టుకోండి. మేం అలాగే వదిలేస్తే గాజు సామాను రెండు పగిలాయి. పనివాళ్లు "మాకు చెప్పలేదు" అన్నారు, మేం "చూసుకోవద్దా" అన్నాం. రెండు రోజులు మాటల్లేవు. పగిలేవి, కాగితాలు, నగలు, మందులు ఇంటివాళ్ల బాధ్యత. బరువులు ఎత్తడం వాళ్ల బాధ్యత.

ఇరవైఏళ్లబ్రష్:
నేను ఈ పనిలోనే ఉన్నాను, అటువైపు మాట కూడా వినండి. గోడ పని మాది, సామాను మీది. గోడ మిమ్మల్ని గీకమనడం తప్పే. పెచ్చులు గీకడం, బీటలు పూడ్చడం, లప్పం పెట్టడం, ఎమిరీ కాగితంతో రుద్దడం, దుమ్ము తుడిచి ప్రైమర్ కొట్టడం, ఇవన్నీ పెయింటర్ చేయాల్సినవే. ఒక గదికి నాలుగు రోజులు పడితే రంగు పూసేది చివరి ఒకటిన్నర రోజే. చూసేవాళ్లకు మొదటి రెండు రోజులు పని జరగనట్టే ఉంటుంది. "ఇంకా రంగు మొదలుపెట్టలేదా?" అని అడుగుతారు. ఆ తొందరకు లొంగి లప్పం ఆరకముందే రుద్దితే, ఏడాది తిరిగేలోపు మళ్లీ పెచ్చులే.

సామాను పూర్తిగా బయట పెట్టక్కర్లేదు. గది మధ్యకు చేర్చి, గోడ చుట్టూ మూడడుగులు ఖాళీ వదిలితే నిచ్చెన తిరుగుతుంది. కప్పడానికి షీట్లు మేమే తెచ్చుకుంటాం. లప్పం రుద్దేటప్పుడు లేచే దుమ్ము మూసిన గదుల్లోకి కూడా పోతుంది కాబట్టి, పక్క గది తలుపు కింద సందులో తడిగుడ్డ పెట్టుకోండి. స్విచ్ బోర్డుల ప్లేట్లు విప్పే ముందు మెయిన్ ఆపాలి. ఇది మాత్రం ఎవరు చేసినా మర్చిపోకూడదు.

తేమగోడ:
మరి చెమ్మ సంగతి? మా పడగ్గది గోడకు చెమ్మ ఉందని తెలిసీ, పైన ప్రైమర్ కొట్టి రంగు వేశారు. ఒక్క వానాకాలానికే ఉబ్బి ఊడింది. అడిగితే "గోడ మీది" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇరవైఏళ్లబ్రష్:
వాళ్లు ముందే చెప్పాల్సింది, చెప్పకపోవడం తప్పు. కానీ చెమ్మను రంగు ఆపలేదు. పైపు కారుతోందా, డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయా అని చూసి ముందుగా బాగు చేయించాల్సింది ఇంటివాళ్లే. అనుమానం ఉంటే రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించండి. ఒకటి రెండు రోజులయ్యాక తీసి చూడండి. గోడవైపు నీటి చుక్కలుంటే తేమ గోడలోంచి వస్తోంది. పైవైపే తడిగా ఉంటే అది గది గాలిలోని తేమ.

చిట్టిఅడుగులు:
ఎవరి పని అనే దానికంటే ముఖ్యమైనది ఒకటుంది. పాత ఇల్లయితే కింది పొరల్లోని రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. తడి చేసి రుద్దమని అడగండి, పిల్లలనూ గర్భిణులనూ ఆ రోజుల్లో వేరే చోట ఉంచండి. వాసన లేని రంగు కదా అని ధైర్యపడకండి. వాసన రానంత మాత్రాన ఆవిర్లు లేవని కాదు.

మెట్లకిందిగది:
బ్రష్ గారూ, ఒక్క సందేహం. హాల్లో పైపు మార్చి, తవ్విన చోట సిమెంటు పూయించి పది రోజులైంది. చూడటానికి ఆరినట్టే ఉంది. మా పెయింటర్లు ఏమీ అనలేదు.

ఇరవైఏళ్లబ్రష్:
అయితే ఆగండి. కొత్త సిమెంటు పూతకు కనీసం 28 రోజులు కావాలి. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, క్షారమూ ఉంటుంది. ఇప్పుడే వేస్తే రంగు వెలిసిపోతుంది, తెల్లటి ఉప్పు పైకి తేలుతుంది. మీవాళ్లు అడగకపోవడం నాకు నచ్చలేదు.

వానచినుకు:
మళ్లీ మాటా మాటా రాకుండా ఎవరు ఏం చేయాలో ఒక కాగితం మీద రాసుకోండి.

దక్షిణపుగాలి:
కాగితం పెడితే నమ్మకం లేదనుకుని పనివాళ్లు నొచ్చుకోరా?

ఇరవైఏళ్లబ్రష్:
నాకైతే రాసివ్వడమే హాయి. ఎన్నిసార్లు లప్పం, ఎన్ని కోటింగులు, కోటింగుకూ కోటింగుకూ మధ్య ఎన్ని గంటలు, చివర్లో తుడిచేదెవరు అని ముందే ఉంటే డబ్బు తీసుకునే రోజు గొడవ ఉండదు. నీటి రంగులకు మామూలుగా నాలుగు గంటల వ్యవధి చాలు. అయినా డబ్బా మీద రాసిందే పాటించాలి. మిగిలిన రంగు కొద్దిగా ఉంచుకుని, షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోండి. టచప్‌కు అదే పనికొస్తుంది.

మెట్లకిందిగది:
అంతా వాళ్ల పనే అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. గోడలు గీకడం మాత్రం చేయనని చెప్పాను, ఒప్పుకున్నారు. అటక, అలమరాలు మేం ఖాళీ చేస్తాం. బీరువా వాళ్లు జరుపుతారు. గదుల పని సోమవారమే మొదలు, హాలు మూడు వారాలు వాయిదా. అప్పుడు సిమెంటు పూసిన చోట షీటు అంటించి, ఏమైందో ఇక్కడే రాస్తాను.