ప్రవేశికలో ‘మేము’ ఎందుకు, ‘మనం’ ఎందుకు కాదు?

మిత్రులకు నమస్కారం. మా గ్రంథాలయం గోడ మీద రాజ్యాంగ ప్రవేశిక రాయిస్తున్నాం. ‘భారతదేశ ప్రజలమగు’ దాకా రాసి పెయింటరు కుంచె ఆపాడు. “సార్, ‘మేము’ అంటే చదివేవాళ్లు బయటివాళ్లు అయిపోరా? ‘మనం’ అని రాసేదా?” అన్నాడు. జవాబు తోచక ఆ పూటకి పని ఆపించాను.

ఇంగ్లీషు ‘వి’కి, హిందీ ‘హమ్’కి ఈ చిక్కు లేదు. వినేవాణ్ణి కలుపుకున్నారో వదిలేశారో ఆ మాటలు చెప్పవు. తెలుగులో మాత్రం తేల్చుకోక తప్పదు. తమిళ, మలయాళ ప్రవేశికల్లో ‘నామ్’ ఉంది, అది మన ‘మనం’. మరాఠీలో ‘ఆమ్హీ’, గుజరాతీలో ‘అమే’ ఉన్నాయి, అవి మన ‘మేము’. ఒకే వాక్యాన్ని పక్కపక్క భాషలు ఇలా రెండు దారుల్లో పట్టుకున్నాయి. నా మనసు ‘మనం’ వైపే లాగుతోంది. పెద్దలు చెప్పాలి.

జవాబు:

అయ్యా, దయచేసి మార్పించకండి. ‘మేము’ అన్నామంటే ఎదురుగా ఇంకొకరు ఉన్నారని అర్థం. ఇక్కడ ఆ ఎదుటివాళ్లెవరు? 1935 భారత ప్రభుత్వ చట్టం బ్రిటిష్ పార్లమెంటు చేసింది. 1947లో మనకు స్వాతంత్ర్యం ఇచ్చిన చట్టమూ అక్కడిదే. మన రాజ్యాంగం చిట్టచివరి అధికరణ, 395, ఆ రెండింటినీ రద్దు చేసింది. ‘ఇకమీదట మాకు మేమే’ అని వాళ్ల మొహం మీద చెప్పే వాక్యంలో ‘మనం’ ఎలా కుదురుతుంది?

ఈ భాగ్యం అందరికీ మొదట్లోనే దక్కలేదు. 1962లో జమైకా రాజ్యాంగం, 1963లో కెన్యా రాజ్యాంగం బ్రిటిష్ రాణి ప్రభుత్వ ఉత్తర్వుకి అనుబంధంగా వచ్చాయి. కెన్యా ప్రజలు తమ మాటగా ‘మేము’ అనుకున్నది 2010లో, ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత. నైజీరియా 1999 రాజ్యాంగం ‘ప్రజలమైన మేము’ అనే మొదలవుతుంది, కానీ దాన్ని అమల్లోకి తెచ్చింది సైనిక ప్రభుత్వ డిక్రీ. అక్కడ ఆ ‘మేము’ ఎవరిదన్న బాధ నాకు నిజంగా ఉంది.

ఇండొనేషియా భాషలోనూ మనలాగే రెండు మాటలున్నాయి: ‘కిత’ అంటే మనం, ‘కమి’ అంటే మేము. 1945 ఆగస్టు 17న సుకర్ణో చదివిన స్వాతంత్ర్య ప్రకటన ‘కమి’తోనే మొదలైంది. అది లోకానికి చెబుతున్న మాట.

ఇంకొకటి, ‘మాకు మేము ఇచ్చుకుంటున్నాము’. ఈ పలుకు 1937 ఐర్లండ్ రాజ్యాంగంలోనూ ఉంది, వాళ్లూ బ్రిటిష్ ఏలుబడి నుంచి బయటపడ్డవాళ్లే. అయితే ‘ఇచ్చుకొను’లో మన ‘కొను’ చేసే పని చూడండి. దక్షిణ ఇచ్చుకున్నాం, కానుక ఇచ్చుకున్నాం అంటాం. మనకంటే పెద్దవాళ్లకి, చేతులు జోడించి. అదే క్రియ ముందు ‘మాకు మేము’ చేరేసరికి కానుక ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకరే అయ్యారు. ఇంత పొందిక ఇంగ్లీషు వాక్యంలో నాకు కనబడదు.

మళ్లీ నేను:

‘కొను’ సంగతి నాకు తట్టనే లేదు, చాలా సంతోషం. ఒక్క సందేహం మిగిలింది: రాజ్యాంగాన్ని ఆమోదించిన 1949 తర్వాత పుట్టినవాళ్లు ఆ ‘మేము’లో ఉన్నట్టేనా?

జవాబు:

ఉన్నట్టే. ఉత్తరం అయితే చదివేవాడు వినేవాడు. ప్రవేశిక అలా కాదు, బడిలో పిల్లలందరూ నిలబడి గొంతెత్తి చదువుతారు. అప్పుడు ‘మేము’ అంటున్న నోరు ఆ పిల్లలదే. మీ గోడ ముందు నిలబడి చదివేవాళ్లదీ అంతే.

మళ్లీ నేను:

సరే, రేపు ‘మేము’ అనే రాయిస్తాను. పెయింటరుకి ఈ ముక్క నేనే చెబుతాను. ‘ఇచ్చుకుంటున్నాము’ అనా, ‘ఇచ్చుకొంటున్నాము’ అనా? రెండూ అచ్చులో చూశాను. తెల్లారేలోగా ఎవరైనా చెబితే మేలు.