కార్పెట్ కింద బయటపడిన ఓక్ నేలను మేమే సాండింగ్ చేసుకోవచ్చా?

ప్రశ్న:
న్యూజెర్సీలో మేము ఇటీవల కొన్న ఇల్లు 1950ల నాటిది. హాల్లో కార్పెట్ తీయించగా, దాని కింద రెండుంపావు అంగుళాల వెడల్పున్న రెడ్ ఓక్ పలకల నేల బయటపడింది. నడక ఎక్కువగా ఉన్నచోట పాలిష్ పూర్తిగా పోయింది, కిటికీ కింద నల్లటి మచ్చలున్నాయి. డ్రమ్ సాండర్ (ఉప్పు కాగితం చుట్టిన డ్రమ్ము తిరుగుతూ నేలను అరగదీసే యంత్రం) అద్దెకు తెచ్చుకుని సాండింగ్ మేమే చేయాలనుకుంటున్నాము. ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
యంత్రం తెచ్చే ముందు చెక్క ఎంత మిగిలిందో చూడండి. హీటర్ గాలి వచ్చే నేలమీది జాలీని పైకి తీస్తే పలక అంచు నిలువునా కనిపిస్తుంది. కొత్త పలక మందం ముప్పావు అంగుళమైనా, అరగదీయడానికి పనికొచ్చేది పలకలు ఒకదానిలో ఒకటి ఇమిడే గాడికి పైనున్న పావు అంగుళం మేర మాత్రమే. అది బాగా అరిగిపోయి, మేకుల తలలు అక్కడక్కడా తేలుతుంటే డ్రమ్ సాండర్ జోలికి వెళ్లకండి. తిరుగుతున్న డ్రమ్మును క్షణంపాటు ఒకేచోట ఆపినా పల్లం పడుతుంది, పాలిష్ వేశాక కిటికీలోంచి ఏటవాలు వెలుతురు పడినప్పుడు ఆ పల్లం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చేసేవారికి ఆర్బిటల్ సాండరే (అడుగున బల్లపరుపు పలక కదులుతూ మెల్లగా అరగదీసే యంత్రం) క్షేమమని నా గట్టి అభిప్రాయం, పని నెమ్మదిగా సాగినా ఫరవాలేదు. ఉప్పు కాగితం గరుకు నుంచి నునుపుకు 40, 60, 80, 100 నంబర్ల వరుసలో వాడండి. ముందు కాగితం మిగిల్చిన గీతలను తరువాతిది చెరిపేయాలి కాబట్టి మధ్యలో ఏదీ వదిలేయకూడదు, ప్రతి విడత తరువాత వాక్యూమ్ చేయడం మరువకూడదు.

జవాబు 2:
సీసం కలిసిన పాత రంగును అరగదీస్తే వచ్చే పొడి పసిపిల్లలకు హానికరం. పాప ఉందన్నారు కాబట్టి అన్నిటికన్నా ముందు సీసం పరీక్ష చేయించండి. అమెరికాలో ఇళ్లకు సీసం కలిసిన రంగులను 1978లో నిషేధించారు, అంతకు ముందరి ఇంట్లో గోడ అంచు చెక్కలకూ నేలకూ అది ఉండే అవకాశముంది. పాత టైల్స్ అతికించిన నల్లటి జిగురు కనిపిస్తే దానిలో ఆస్బెస్టాస్ (పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజపు నార) ఉండవచ్చు, పరీక్ష కాకుండా దాన్ని గీకవద్దు, సాండింగ్ చేయవద్దు. పని ముగిసి, ఇల్లు శుభ్రమయ్యేవరకు పాపను మరోచోట ఉంచడం మంచిదండీ.

జవాబు 3:
ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి తడీ ఇనుమూ తగిలితే అటువంటి నల్ల మచ్చలు వస్తాయి. పాత పాలిష్ పోయాక ఆక్సాలిక్ ఆమ్లం (చెక్క మచ్చలను పోగొట్టే రసాయనం) రాస్తే చాలావరకు పోతాయి. చేతులకు తొడుగులు వేసుకోండి, తరువాత నీళ్లతో బాగా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నలుపు లోతుకు దిగి ఉంటే ఆ పలకను మార్చడమే మేలు. ఇక చివర వేసే పాలిష్ విషయానికొస్తే, ఆయిల్ పాలియురేథేన్ చెక్కకు పసుపు ఛాయ తెస్తుంది, వాసన ఘాటుగా ఉంటుంది. మీ ఇంటికి నీటి ఆధారిత పాలియురేథేనే తగినదని నాకనిపిస్తోంది. సాండర్ సంచిలోని పొడి దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది, కాబట్టి ఏ రోజు పొడిని ఆ రోజే ఇంటి బయట మూతగల లోహపు డబ్బాలో పోయండి.