అప్‌డేట్: గేదె ఈసుకుపోయాక నాన్నగారికి వచ్చిన జ్వరం బ్రూసెల్లోసిసే

ఏడో నెల చూడి గేదె ఈసుకుపోయినప్పుడు (గర్భస్రావమైనప్పుడు) మాయను ఒట్టి చేతులతో తీసిన మా నాన్నగారికి సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుము నొప్పి వస్తున్నాయని లోగడ అడిగాను. మీలో కొందరు అనుమానించినట్లే, రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి మనుషులకు సోకే ఒక బ్యాక్టీరియా రోగం) అని తేలింది. వైద్యులు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ 6 వారాలు వాడమని, జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని గట్టిగా చెప్పారు. మూత్రం నారింజ రంగులో రావడం చూసి అమ్మ కంగారుపడింది కానీ, అది రిఫాంపిసిన్ వల్లేనట.

గేదెకూ అదే రోగమని తేలింది. పశువుల్లో దీనికి నమ్మదగిన చికిత్స లేదు. అమ్మితే రోగాన్ని మరొకరి కొట్టంలో కట్టేసినట్లే కనుక దాన్ని విడిగా ఉంచాం. 4 నుంచి 8 నెలల పెయ్యలకు జీవితంలో ఒక్కసారే వేసే టీకాను మా పెయ్యకు వేయించాం. ఆ సూది పొరపాటున గుచ్చుకున్నా మనిషికి సోకే ప్రమాదముంది కాబట్టి పశువైద్యులే చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని వేశారు.