85 టయోటా పికప్, 33 అంగుళాల టైర్లు: గేర్లు ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ఎర్రబండి85 (ఫీనిక్స్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1985 టయోటా పికప్ ఉంది. 22ఆర్ఈ ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్. పాత యజమాని 33 అంగుళాల టైర్లు వేయించి, లోపల మాత్రం ఏమీ ముట్టుకోకుండా నాకు అమ్మాడు. డిఫరెన్షియల్ గేర్లు ఇప్పటికీ కంపెనీ ఇచ్చిన 4.10 (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 4.10 చుట్లు తిరగాలి).

ఊళ్లో తిరగడానికి ఇబ్బంది లేదు. ఐ-17 హైవే మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటి సన్‌సెట్ పాయింట్ వైపు ఎక్కుతుంటే మాత్రం ఐదో గేరు ఉన్నా లేనట్టే. నాలుగోలో కూడా వేగం పడిపోతూ ఉంటుంది, మూడోలో లారీల వెనక పాకుతాను. రాళ్ల దారిలో ఇంకో బాధ: లో రేంజి (మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే అమరిక) మొదటి గేరులో కూడా బండి నాకు కావలసిన దానికంటే వేగంగా పోతుంది, క్లచ్చి మీద కాలు తీయలేను.

ఇంజను మార్చమని ఒకరు, గేర్లు మార్చమని ఇంకొకరు అంటున్నారు. గ్యారేజీ ఉంది, మామూలు పనిముట్లు ఉన్నాయి, బ్రేకులు, క్లచ్చి సొంతంగా మార్చిన అనుభవం ఉంది. డిఫరెన్షియల్ ఎప్పుడూ విప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గేరుపిచ్చి (డెన్వర్)

ఇంజను జోలికి పోకండి. 116 హార్స్ పవర్ తక్కువే, కాదనను. కానీ ఆ ఇంజను అత్యధిక టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది 2800 ఆర్‌పీఎం దగ్గర. పెద్ద టైర్లు వేసి మీరు దాన్ని అంతకు బాగా కిందకు తొక్కిపెట్టారు. లెక్క చూడండి: గంటకు మైళ్లు × డిఫరెన్షియల్ నిష్పత్తి × 336, దాన్ని టైరు ఎత్తుతో (అంగుళాల్లో) భాగించి, నడుస్తున్న గేరు నిష్పత్తితో గుణించాలి. మీ ఐదో గేరు దాదాపు 0.85.

60 మైళ్ల దగ్గర, కంపెనీ టైరు సుమారు 28.5 అంగుళాలు అనుకుంటే, 4.10తో 2465 ఆర్‌పీఎం వచ్చేది. 33 వేశాక అది 2130కి పడింది. మీరు ఎక్కుతున్న దారేమో ఫీనిక్స్ 1,100 అడుగుల నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ 6,900 అడుగులకు. పైకి పోయే కొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజను వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. దీనికి తోడు ఆర్‌పీఎం కూడా లేకపోతే ఏ ఇంజనూ లాగదు.

4.88 వేస్తే అదే 60 దగ్గర 2535. అంటే కంపెనీ బండికంటే కాస్త చురుగ్గా ఉంటుంది. నా సలహా 4.88.

ఇంకో మాట. టైరు మీద 33 అని రాసినంత మాత్రాన 33 ఉండదు. బండి నేల మీద నిలబడి ఉండగా చక్రం నడి మధ్య నుంచి నేలకు కొలిచి, రెండింతలు చేయండి. లెక్కలో వేయవలసింది ఆ అంకె.

రాతిదారి (సాక్రమెంటో)

నేను ఒప్పుకోను. 4.88 అంటే ఉన్న నష్టాన్ని పూడ్చుకోవడం మాత్రమే. ఆయన బండికి ముందు ఇనుప బంపరు, వించి, వెనక సామాను అన్నీ వచ్చి చేరతాయి. రేపు 35 టైర్ల మీద మనసు పడితే మళ్లీ అంతా విప్పాలి. ఒకేసారి 5.29 వేసుకుంటే పీడ పోతుంది.

గేరుపిచ్చి (డెన్వర్)

రోజూ రాళ్ల మీదే తిరిగే బండి అయితే మీ మాట సరే. ఆయన ముందు హైవే మీద 75 మైళ్లతో పోవాలి కదా. 75 దగ్గర 4.88తో 3170, 5.29తో 3430. ఆ ఇంజను పక్కన గంటల తరబడి కూర్చున్నవాళ్లకు ఈ తేడా ఏమిటో తెలుస్తుంది. 35 టైర్లు వేస్తానని ఇప్పుడే గట్టిగా నిర్ణయించుకుంటే 5.29, లేకపోతే 4.88.

స్పీడోమీటరు సంగతి చాలామంది మరచిపోతారు. టైరు పెరిగినప్పుడు అది అసలు వేగంకంటే తక్కువ చూపిస్తుంది. మీటరు తీగ ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) నుంచి వస్తుంది కాబట్టి డిఫరెన్షియల్ మార్పు దాన్ని వెనక్కి లాగుతుంది. 33, 4.88 జోడీలో తప్పు మూడు శాతంలోపే, అదీ ఎక్కువ చూపించే వైపు. పోలీసులతో పేచీ ఉండదు.

ఎర్రబండి85 (ఫీనిక్స్)

35 ఆలోచన లేదు. 4.88 అనుకుంటున్నాను. రెండు ఇరుసులూ మార్చాలా, వెనకది మాత్రం ముందు మార్చి కొన్నాళ్లు నడపవచ్చా? అసలు లోపల 4.10 ఉందని ఎలా నిర్ధారించుకోవాలి? పాత యజమాని మాటే తప్ప ఆధారం లేదు.

పళ్ళచక్రం (డెట్రాయిట్)

గేర్ల తయారీలో పనిచేస్తాను, ఈ ఒక్క విషయం వరకు చెప్పగలను.

ముందు నిర్ధారణ. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు అడ్డు వేసి, వెనక రెండు చక్రాలూ నేలకు తగలకుండా లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక చక్రాన్ని ఎవరినైనా కదలకుండా పట్టుకోమనండి. రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత గీసి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అదే నిష్పత్తి. నాలుగు చుట్ల మీద కొంచెం తిరిగితే 4.10. రెండు చక్రాలూ ఒకే వైపు కలిసి తిరిగితే లోపల లాకరు (రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం) ఉందన్నమాట, అప్పుడు ఒక్క చుట్టు చాలు. విప్పాక పెద్ద గేరు (క్రౌన్), దాన్ని తిప్పే చిన్న గేరు (పినియన్) పళ్లే చెబుతాయి: 41కి 10 అయితే 4.10, 39కి 8 అయితే 4.88, 37కి 7 అయితే 5.29.

ముందు, వెనక వేర్వేరు నిష్పత్తులతో ఫోర్ వీల్ వేయకూడదు. తడి మట్టిలో కూడా వద్దు. రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుతుంది. ముందు హబ్బులు (ముందు చక్రాలను ఆక్సిల్‌కు కలిపే తాళాలు) తీసిపెట్టి, టూ వీల్‌లో మాత్రమే నడుపుతానంటే వెనకది ముందు చేసుకోవచ్చు.

కొనేముందు ఇంకో జాగ్రత్త. నాలుగు సిలిండర్ల బండ్ల 8 అంగుళాల డిఫరెన్షియల్‌కీ, వీ6, టర్బో బండ్ల 8 అంగుళాలదానికీ గేరు సెట్లు వేరు. ఎవరైనా మధ్యలో వీ6ది బిగించి ఉండవచ్చు, అది మీ ఇరుసులో చక్కగా పడుతుంది. చూసుకుని ఆర్డరు పెట్టండి. మీ అదృష్టం 85 మోడల్ కావడం. ముందు ఇరుసు గట్టిది కాబట్టి అక్కడా 8 అంగుళాలదే. 86 నుంచి ముందు చక్రాలకు విడి సస్పెన్షన్ వచ్చి, అక్కడ 7.5 అంగుళాల వేరే డిఫరెన్షియల్ పెట్టారు.

గేరుపిచ్చి (డెన్వర్)

మేడమ్ చెప్పినదానికి నా వంతు కలుపుతాను. ఇంట్లో చేయదగ్గ పని ఏది, బయట ఇవ్వవలసిన పని ఏది అన్నది ఇక్కడ తేల్చుకోవాలి.

ఈ టయోటాల్లో గేర్లు ఇరుసు గొట్టంలో బిగించి ఉండవు. గేర్లు, బేరింగులు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు ఊడి వస్తాయి. థర్డ్ మెంబర్ అంటారు దాన్ని. బండి కింద పడుకుని గేర్లు అమర్చే అవస్థ లేదు. ఆ ముక్కను తీసి గేర్లు అమర్చేవాళ్లకు ఇచ్చి, అమర్చినదాన్ని తెచ్చి మీరే బిగించుకోండి. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. విప్పడం, బిగించడం కండబలం, ఓపిక. గేర్ల అమరిక మాత్రం మిల్లీమీటరులో వందో వంతు లెక్క.

వెనక ఇరుసు: నూనె దించండి. షాఫ్టు అంచుల మీద గుర్తు పెట్టుకుని నాలుగు బోల్టులు తీయండి. డ్రమ్ములు తీసి, బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు తీగ విడదీసి, ఒక్కో పక్క బ్యాకింగ్ ప్లేటు వెనక ఉన్న నాలుగు నట్లు విప్పితే ఆక్సిల్ షాఫ్టు బేరింగుతో సహా బయటకు జారుతుంది. పూర్తిగా తీయనక్కరలేదు, లోపలి పళ్లు వదిలేంత దూరం చాలు. తర్వాత చుట్టూ ఉన్న పది నట్లు. పాత సీలెంటు పట్టేసి ఉంటే రబ్బరు సుత్తితో పక్కల మీద కొట్టండి. ముక్క 35 కిలోల దాకా ఉంటుంది. ఛాతీ మీద పడుకోబెట్టుకునే సాహసం చేయకుండా కింద జాకీ పెట్టండి.

ముందు ఇరుసుకు ఇంతకు రెండింతలు పని. హబ్బులు, వీల్ బేరింగులు, స్పిండిల్ అన్నీ విప్పితే గాని ఆక్సిల్ బయటకు రాదు. 54 మి.మీ. సాకెట్ ఒకటి కొనుక్కోండి, స్క్రూడ్రైవరు, సుత్తితో ఆ నట్టును కొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హబ్బు నట్ల కింద చిన్న కోను వాషర్లు పట్టేసి ఉంటాయి. స్టడ్డు తల మీద ఇత్తడి కడ్డీ పెట్టి ఒక దెబ్బ వేస్తే ఎగిరి వస్తాయి. బర్‌ఫీల్డ్ జాయింటుకు (ముందు ఆక్సిల్ చివర ఉండే కీలు) చదునుగా కోసిన భాగాలు ఉంటాయి, వాటిని పైకీ కిందకీ తిప్పి లాగితే నకిల్ (స్టీరింగుతో పాటు తిరిగే భాగం) విప్పకుండానే ఆక్సిల్ వచ్చేస్తుంది. అప్పుడు లోపల గ్రీజు, నూనె కలిసి రాగిజావలా కారుతుంటే లోపలి సీలు పోయిందని అర్థం. అంత దూరం వెళ్లారు కాబట్టి సీళ్లన్నీ కొత్తవి వేయండి. ఈ బండ్లలో ఆ సీలు ఎప్పుడో ఒకప్పుడు పోవలసిందే.

లాకరు వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే వేయించండి. ఎలాగూ క్రౌన్ గేరు విప్పుతారు, రెండుసార్లు కూలి ఎందుకు?

రాతిదారి (సాక్రమెంటో)

అమరిక కూడా ఇంట్లో చేసుకోవచ్చు. నేను చేసుకున్నాను. అంత భయపెట్టకండి.

పళ్ళచక్రం (డెట్రాయిట్)

చేసుకోవచ్చు, డయల్ గేజి, చిన్న టార్క్‌లు కొలిచే రెంచి, బేరింగు ప్రెస్సు ఉంటే. ఈ డిఫరెన్షియల్‌లో బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఆట) సర్దడానికి రెండు పక్కలా మరచుట్ల నట్లు ఉండటం పెద్ద సుఖం. ఒక పక్క ఎంత వదులు చేస్తే రెండో పక్క అంత బిగించాలి. ఆట 0.13 నుంచి 0.18 మి.మీ. మధ్య ఉండాలి.

కష్టం పినియన్ లోతు దగ్గర. పినియన్ తలకూ లోపలి బేరింగుకూ మధ్య ఉన్న షిమ్ము (పలచని వాషరు) మందాన్ని బట్టి అది ముందుకో వెనక్కో జరుగుతుంది. క్రౌన్ పళ్లకు రంగు పూసి, చేత్తో కొంచెం ఆపుతూ తిప్పి, పడిన ముద్ర చూడాలి. ముద్ర పంటి కొసకు దగ్గరగా పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ము మందం పెంచాలి. వేరు వైపు పడితే తగ్గించాలి. ప్రతిసారీ బేరింగు ఊడదీయాలి, అందుకే పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కొద్దిగా అరగదీసి, వేలితో జారేలా చేసుకుని దానితో కొలతలు చూస్తారు. అన్నీ కుదిరాక కొత్త బేరింగు కొడతారు.

చివరగా పినియన్ నట్టు బిగింపు. కొత్త బేరింగులతో పినియన్‌ను తిప్పడానికి 1.2 నుంచి 1.9 న్యూటన్ మీటర్లు పట్టాలి. లోపల నలిగే స్లీవు ఉంటే గీత దాటి బిగించాక వెనక్కి వదులు చేసి సరిపెట్టకూడదు. స్లీవు పారేసి కొత్తది వేయాలి. నలగని స్పేసరు వేసుకోవడం నయం. క్రౌన్ బోల్టులకు 97 న్యూటన్ మీటర్లు.

ముందు ఇరుసు బండి ముందుకు పోతున్నప్పుడు పళ్ల రెండో ముఖం మీద నడుస్తుంది. కాబట్టి దాని ముద్ర చూసేటప్పుడు ఆ ముఖాన్ని నిర్లక్ష్యం చేయకండి.

ఎర్రబండి85 (ఫీనిక్స్)

అమరిక బయట ఇస్తాను, తేలిపోయింది. హైవే సంగతి సరే, రాళ్ల మీద వేగం తగ్గడానికి 4.88 సరిపోతుందా?

గేరుపిచ్చి (డెన్వర్)

సరిపోదు. మీ మొదటి గేరు 3.95, లో రేంజి 2.28. 4.10తో గుణిస్తే 37. 4.88తో 44. తేడా తెలుస్తుంది గానీ క్లచ్చి మీద నుంచి కాలు పూర్తిగా రాదు. అసలు మందు ట్రాన్స్‌ఫర్ కేసులో ఉంది. మీది గేర్లతో నడిచే కేసు, అందులో లో రేంజిని 4.70కి మార్చే సెట్లు దొరుకుతాయి. అప్పుడు 90 దాటుతుంది. హైవే మీద దాని ప్రభావం ఏమీ ఉండదు, హై రేంజి మారదు కాబట్టి.

రాతిదారి (సాక్రమెంటో)

ఇసుకలో మాత్రం 4.70 మరీ మెల్లగా ఉంటుంది, చక్రాలకు ఊపు రాదు. అక్కడ హై రేంజిలో పోవాలి, దానికి బలం చాలదు. డబ్బు ఉంటే రెండు కేసులు వరసగా బిగించుకోండి. ఒకటి వేస్తే 2.28, రెండూ వేస్తే 5.2. కాకపోతే షాఫ్టులు రెండూ కొత్త పొడవుకు చేయించుకోవాలి.

గేరుపిచ్చి (డెన్వర్)

ఈసారి ఒప్పుకుంటాను. కానీ ముందు డిఫరెన్షియల్ గేర్లు వేసుకుని కొన్ని నెలలు తిరగండి. ఆ తర్వాతే కేసు మీద డబ్బు పెట్టండి.

ఎర్రబండి85 (ఫీనిక్స్)

రెండు ఇరుసులూ అయిపోయాయి. సన్‌సెట్ పాయింట్ ఇప్పుడు నాలుగో గేరులో హాయిగా ఎక్కుతోంది. కొత్తగా 45 మైళ్ల దగ్గర సన్నని కూత వినిపిస్తోంది. భయపడాలా?

పళ్ళచక్రం (డెట్రాయిట్)

యాక్సిలరేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ కూత మారుతోందా? మారితే గేర్ల వైపు చూడాలి. ఎప్పుడూ ఒకేలా ఉండి, స్టీరింగు అటూ ఇటూ ఊపినప్పుడు మారితే వీల్ బేరింగు. కొత్త తారు మీద తగ్గి, గరుకు రోడ్డు మీద పెరిగితే అది మీ మట్టి టైర్ల పాట. హబ్బులు తీసిపెట్టి నడిపితే ముందు గేర్లు తిరగవు కాబట్టి, అప్పుడూ కూత ఉంటే ముందు ఇరుసును వదిలేయవచ్చు.

ఎర్రబండి85 (ఫీనిక్స్)

హబ్బులు తీస్తే పూర్తిగా పోయింది. అంటే ముందుదే.

గేరుపిచ్చి (డెన్వర్)

ముందు గేర్లను ఇంకా అలవాటు చేయలేదు కదా? హబ్బులకు తాళం వేసి, ట్రాన్స్‌ఫర్ కేసు టూ వీల్‌లోనే ఉంచి, 15, 20 మైళ్లు నెమ్మదిగా నడపండి. ఆపి అరగంట చల్లారనివ్వండి. రెండు మూడుసార్లు అలా చేయండి. హౌసింగ్ మీద చేయి పెట్టలేనంత కాలుతుంటే అక్కడే ఆపి అమర్చినవాళ్లను అడగండి. వెనకదానికి మొదటి 500 మైళ్లు బరువు లాగించవద్దు. ఆ తర్వాత రెండింటిలోనూ 80డబ్ల్యూ-90 జీఎల్-5 నూనె మార్చండి. దించిన నూనెలో మెరిసే సన్నని పొడి మామూలే. గోటికి తగిలే ముక్కలు కనిపిస్తే బండి తీయకండి. 500 తర్వాత కూడా కూత అలాగే ఉంటే ఆ థర్డ్ మెంబర్‌ను విప్పి, ముద్ర మళ్లీ చూపించమని అడగండి. డబ్బు తీసుకున్నవాళ్లు చూపించాలి.