తీరం వెంట కమీనో: సంచి మనమే మోయాలా, వ్యాన్‌లో పంపెయ్యాలా?

కొత్త నడక:
అందరికీ నమస్తే. నేను జర్మనీలో ఉంటాను. వచ్చే మే నెలలో అమ్మతో కలిసి పోర్చుగల్‌లోని పోర్టో నుంచి స్పెయిన్‌లోని శాంటియాగోకి, పునీత యాకోబు గారి సమాధి ఉందని నమ్మే కేథడ్రల్‌కి, సముద్రం పక్కగా వెళ్లే పోర్చుగీస్ కమీనో (యాత్రికులు నడిచే పాత దారి) నడవాలనుకుంటున్నాను. సుమారు 280 కిలోమీటర్లు, చేతిలో రెండు వారాలు. ఇద్దరికీ ఇదే మొదటిసారి. అమ్మకి 58 ఏళ్లు. గుంటూరులో రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తుంది. మోకాళ్లు ఫర్వాలేదు కానీ నడుము అప్పుడప్పుడు పట్టేస్తుంది.

గొడవ ఒకటే. రోజూ పొద్దున మన సంచి తీసుకుని సాయంత్రానికి తర్వాతి ఊళ్లో అందించే సర్వీసులున్నాయి. అది పెట్టుకుందామంటే అమ్మ ఒప్పుకోవట్లేదు. ఏటా గుణదల తిరునాళ్లకి వెళ్లే మనిషి. "పునీత యాకోబు గారి దగ్గరికి మొక్కుకుని నడుస్తూ బరువు ఇంకొకళ్ల మీద వేస్తామా?" అంటుంది. నడిచినవాళ్లు చెప్పండి, ఏం చెయ్యమంటారు?

పాత చెప్పులు:
మీ అమ్మగారి మాటే కరెక్ట్. ఇరుముడి కూలీ నెత్తిన పెట్టి శబరిమల ఎక్కుతామా? యాత్ర ఎవరిదైనా లెక్క అదే.

నేను 2019లో పోర్టో నుంచి మొత్తం మోసుకునే నడిచాను. సంచి ఒంటి బరువులో పదో వంతు దాటకూడదంటారు. నాది ఏడు కిలోలు. ఒంటి మీద జత కాక ఇంకో రెండు జతలు, పల్చటి స్లీపింగ్ బ్యాగ్, రెయిన్‌కోటు, రబ్బరు చెప్పులు, మందులు, చార్జర్, ఒక బట్టల సబ్బు. అంతే. సత్రం చేరగానే ఆ రోజు జత ఉతికి ఆరేస్తే సముద్రపు గాలికి ఇట్టే ఆరిపోయేవి. మొదటి మూడు రోజులు భుజాలు గోల పెడతాయి, తర్వాత సంచి ఉందన్న సంగతే గుర్తుండదు.

చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేకుండా ఝామ్మని దాటిపోయేవాళ్లను రోజూ చూసేవాణ్ని. అది మార్నింగ్ వాక్. ఏమీ అనుకోకండి.

అలిపిరి మెట్లు:
అనుకుంటామండీ, ఎందుకనుకోం. ఇరుముడిలో ఉండేది స్వామికి పట్టుకెళ్లే నెయ్యి, కొబ్బరికాయ. మీ చార్జరూ బట్టల సబ్బూ ఎప్పుడు ఇరుముడి అయ్యాయి?

అలిపిరిలో నడక మొదలుపెట్టే చోటే టీటీడీ వాళ్లు మన లగేజీ తీసుకుని ఉచితంగా కొండపైకి చేరుస్తారు. 3,550 మెట్లు చేతులూపుకుంటూ ఎక్కి, పైన రసీదు చూపించి తెచ్చుకుంటాం. అలా ఎక్కినవాళ్ల మొక్కు చెల్లలేదని ఎవరన్నారు? శాంటియాగోలోనూ అంతే. యాత్ర పూర్తిచేసినట్టు అక్కడ ఇచ్చే కంపోస్తెలా పత్రం కావాలంటే కనీసం 100 కిలోమీటర్లు నడిచి శాంటియాగో చేరాలి, దారిలో యాత్రికుల పుస్తకంలో రోజుకి రెండు ముద్రలు వేయించుకుని ఉండాలి. సంచి ఎవరు మోశారని కౌంటర్లో ఎవరూ అడగరు.

నడుము పట్టేసే మనిషి చేత పంతానికి పోయి ఏడు కిలోలు మోయించకండి. వ్యాన్‌వాళ్లు డబ్బులు తీసుకునేది సంచికి ఇంతని, మనిషికి కాదు. ఇద్దరి బరువు సామానూ ఒకే పెద్ద సంచిలో వేసి పంపండి. అమ్మగారి వీపు మీద చిన్న సంచి ఎలాగూ ఉంటుంది, మోసిన తృప్తీ మిగులుతుంది.

డబ్లిన్ బాబాయ్:
పుణ్యం లెక్కలు మీరిద్దరూ తీరిగ్గా తేల్చుకోండి. అమ్మాయీ, నువ్వు ముందు మంచం సంగతి చూసుకో.

సంచి పంపాలంటే రాత్రి ఎక్కడ దిగుతావో దాని మీద అడ్రస్ రాయాలి. అంటే పొద్దున బయల్దేరే ముందే మకాం ఖాయమైపోవాలి. సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళ్లాక అక్కడి గలీసియా ప్రాంత ప్రభుత్వం నడిపే సత్రాలు చవక. కానీ వాటిలో ముందుగా బుక్ చేసుకోవడం కుదరదు, ముందొచ్చినవాళ్లకే మంచం. వ్యాన్‌లో వచ్చే సంచుల్ని వాళ్లు తీసుకోరు. కాబట్టి సంచి పంపేవాళ్లు ప్రైవేటు సత్రమో లాడ్జో చూసుకోవాల్సిందే. ఒకసారి బుక్ చేశాక కాళ్లు ఏమంటున్నా ఆ ఊరు చేరి తీరాలి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

మా ఆవిడతో నడిచినప్పుడు ఏమైందో విను. స్పెయిన్ వైపు అ గ్వార్దా అనే ఊళ్లో పొద్దున సంచి పంపించాం. రాత్రి బస 30 కిలోమీటర్ల అవతల, బయోనాలో. పదమూడు కిలోమీటర్లు నడిచేసరికి ఓయా వచ్చింది. అక్కడ సముద్రానికి ఎదురుగా పాత రాతి మఠం ఉంటుంది. ఆ గోడ నీడలో కూర్చుని ఆవిడ షూ విప్పితే, ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ చితికి సాక్స్‌కి అంటుకుపోయింది. నీళ్లు పోసి నానబెట్టి ఊడదీయాల్సి వచ్చింది. ఆ ఊళ్లోనే ఆగిపోయేవాళ్లమే. కానీ రబ్బరు చెప్పులు, ప్లాస్టర్లు, పొడి సాక్స్, బీపీ మాత్రలు అన్నీ బయోనాకి వెళ్లిపోయాయి! ఒక బార్‌లో సైగలతో బతిమాలి ట్యాక్సీ పిలిపించుకున్నాం. ఆ పూటంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. సంచి పంపుదామన్నది నేనే లే.

అలాగని వద్దనను. ప్రయాణం మొత్తానికీ ఒకేసారి కట్టేయకు. ముందురోజు సాయంత్రం చెప్పినా తీసుకెళ్లేవాళ్లు ఉంటారు, అమ్మ నడుము ఎలా ఉందో చూసుకుని ఏ రోజుకారోజు ఆలోచించుకో. పంపిన రోజు మాత్రం చెప్పులు, ప్లాస్టర్లు, ఒక జత సాక్స్, మందులు, పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి.

పాత చెప్పులు:
నేనన్నదీ అదే కదా బాబాయ్. సంచి వీపునుంటే ఓయాలోనే హాయిగా పడుకునేవారు.

అలిపిరి మెట్లు:
సంచి వీపునుంటే ఆ బొబ్బ ఓయా కంటే ముందే వచ్చేది.

డబ్లిన్ బాబాయ్:
బొబ్బకి కారణం సంచీ కాదు, వ్యానూ కాదు. బయల్దేరే ముందు వారం కొన్న కొత్త షూ.

విశాఖ గాలి:
సంచి గొడవలో పడి దారి సంగతి ఎవరూ చెప్పట్లేదు. పోర్టో కేథడ్రల్ నుంచి విలా దో కోందె దాకా ఒడ్డు వెంట 30 కిలోమీటర్ల పైమాటే. మొదటిరోజే అంత వద్దు. మతోజిన్యోష్ దాకా మెట్రోలో వెళ్లి అక్కడ మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, తప్పేం లేదు. అక్కణ్నుంచి ఇసుక మీద కట్టిన చెక్క బాట చాలా దూరం వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ తడిస్తే జారుతుంది. ఊళ్లలోకి వచ్చాక రాళ్లు పరిచిన రోడ్లు, వాటి మీద అరికాళ్లు మండిపోతాయి. బరువైన తోలు బూట్ల కంటే మెత్తటి రన్నింగ్ షూ నయం, వాటినీ ఇప్పటి నుంచే వాడి పాతబరచండి.

ఇంకోటి గాలి. అక్కడి తీరంలో ఉత్తరపు గాలి వీస్తుంది, ఎండాకాలంలో మరీ జోరు. మనం నడిచేదీ ఉత్తరానికే. మధ్యాహ్నమయ్యేసరికి గాలి ముఖాన కొడుతుంటే ఎండ వీపున పడుతుంది. చల్లగా ఉందని మోసపోతాం. నాకు మొదటి రెండు రోజుల్లోనే మెడ వెనక, పిక్కల మీద చర్మం కమిలి ఊడొచ్చింది. మెడని కప్పే టోపీ పెట్టించండి.

కమీన్యాలో మీన్యో నది దాటితే స్పెయిన్. చిన్న పడవలు దాటిస్తాయి కానీ గాలీ పోటూ బాగుంటేనే. కుదరకపోతే నది వెంట వలెన్సాకి వెళ్లి వంతెన మీద దాటొచ్చు, అప్పుడు బయోనా, వీగో తీరం పోతుంది. కాబట్టి ఆ రోజుకి మాత్రం అవతలి ఒడ్డుకి సంచి పంపకండి. అన్నట్టు అక్కడ గడియారం గంట ముందుంటుంది. తెలియక సత్రానికి ఆలస్యంగా చేరి వాకిట్లో నిలబడ్డవాళ్లలో నేనొకణ్ని.

తిండికి ఇబ్బంది లేదు, అమ్మగారు మాంసం తినకపోతేనే కాస్త జాగ్రత్త. ఆకుకూర సూప్ అని తెచ్చిన దాంట్లో కూడా పంది సాసేజ్ ముక్క తేలుతుంటుంది. గలీసియా సత్రాల్లో వంటిల్లు ఉంటుంది గానీ చాలాచోట్ల గిన్నెలుండవు.

కొత్త నడక:
అందరికీ థాంక్సండీ. అన్నీ అమ్మకి చదివి వినిపించాను. అలిపిరి ముక్కకి కాస్త మెత్తబడింది. ఓయా సంగతి విని మళ్లీ "చూశావా" అంది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: పోర్చుగల్‌లో సంచులు మేమే మోస్తాం, రోజుకి 20 కిలోమీటర్ల లోపే. నది దాటాక అమ్మ నడుముని బట్టి చూస్తాం. అ గ్వార్దా నుంచి బయోనా మాత్రం రెండు రోజులు చేసి ఓయాలో ఆగుతాం.

నిన్న వీడియో కాల్‌లో అమ్మ సంచి తూకం వేయించాను. తొమ్మిది కిలోల రెండొందల గ్రాములు. అమ్మ బరువు 62. గోంగూర సీసా, దుప్పటి, నాలుగో చీర తీయించేసరికి ఏడుంపావుకి వచ్చింది. ఇక మిగిలింది లీటరున్నర కుక్కర్. విశాఖ గాలి గారూ, ఆ గిన్నెల మాట మీరు రాయకుండా ఉండాల్సింది. "చూడు, ఆయనే చెప్పాడు" అంటోంది.

పాత చెప్పులు:
అక్కడ ఇండక్షన్ స్టవ్ ఉంటే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదని చెప్పండి.

కొత్త నడక:
చెప్పానండీ. స్టీలుదట.