పాత కారు ఆక్సిజన్ సెన్సార్: కోడ్ రాగానే మార్చేయాలా, చూసి మార్చాలా?

పాతబండి: మా పాత పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0133 అనే లోపం కోడ్ వచ్చింది. అంటే ముందువైపు ఆక్సిజన్ సెన్సార్ (ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) నెమ్మదిగా స్పందిస్తోందట. బండి 1.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది, సెన్సార్ ఎప్పుడూ మార్చలేదు. మైలేజీ కూడా తగ్గింది. నేరుగా కొత్తది వేసేయమంటారా?

స్పానర్: వేసేయండి. హీటర్ ఉన్న సెన్సార్ అయినా ఇన్ని కిలోమీటర్లకు అలసిపోతుంది. ముందురోజు రాత్రి, బండి చల్లగా ఉన్నప్పుడు సెన్సార్ మరల (థ్రెడ్ల) దగ్గర, బిగుసుకున్నదాన్ని వదులుచేసే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. పొద్దున ఇంజిన్ కాస్త వేడెక్కాక, వైరు కోసం గాడి ఉన్న 22 ఎంఎం సాకెట్‌తో విప్పండి.

మల్టీమీటర్: అంత తొందరెందుకండీ? సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్‌లో చిన్న లీకు ఉన్నా బయటి గాలి లోపలికి లాగుతుంది, ఈ కోడ్ అలా కూడా రావచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో లైవ్ డేటా, అంటే సెన్సార్ అప్పటికప్పుడు పంపే వోల్టేజీ గ్రాఫ్ చూడండి. మీ బండిలో ఉన్నది మామూలు జిర్కోనియా సెన్సార్ అయితే 2500 ఆర్‌పీఎం దగ్గర వోల్టేజీ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే పైకి లేవాలి, వదిలితే సున్నా దగ్గరికి పడాలి. బద్ధకంగా కదిలితే అప్పుడు అనుమానించండి.

గేర్ నాలుగు: కొంటే మీ బండి కనెక్టర్‌తో వచ్చేదే కొనండి. చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని వైరు లోపలి నుంచే తీసుకుంటాయి. వేరేది కొని వైర్లు కోసి సోల్డర్ చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

స్పానర్: ఊగితే మాత్రం ఏమిటి? ఈ రోజు పరీక్షలో గట్టెక్కినా అది ముసలిదే. వచ్చే నెల మళ్లీ లైటు.

మల్టీమీటర్: ఇలాంటి మాటలు విన్న గ్యారేజీ ఒకటి మా బండికి రెండు సెన్సార్లూ మార్చేసింది. లైటు ఆరలేదు. తర్వాత పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ కూడా మార్చాలన్నారు. చివరికి తేలిందేమిటి? ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు కాకుండా ఆపే గాస్కెట్ పగిలింది! పారేసిన ఆ రెండు సెన్సార్లూ శుభ్రంగా పనిచేస్తున్నవే.

స్పానర్: నా కథ కూడా వినండి. "లైటే కదా, నడుపుకోండి" అని మాకు వేరే గ్యారేజీ చెప్పింది. గాలి-పెట్రోల్ మిశ్రమం పల్చగా ఉందని (పెట్రోల్ తక్కువైందని) సెన్సార్ తప్పుగా చెబుతూ పోయింది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్ పోస్తూ పోయింది. కన్వర్టర్ నాశనమైంది. అది సెన్సార్ కంటే ఎన్ని రెట్లు ఖరీదో మీకు తెలియదా?

మల్టీమీటర్: నేను వదిలేయమన్నానా? చూడమన్నాను. రెండింటికీ తేడా ఉందండీ!

స్పానర్: చూడమనడం మీకు తేలికే. కారున్న ప్రతివాళ్ల దగ్గరా స్కానర్, మల్టీమీటర్ ఉండవు. ఇక్కడ "ముందు పరీక్షించు" అనగానే కొత్తవాళ్లు బెదిరి బండి అలాగే తిప్పుతారు. సెన్సార్ విప్పి బిగించడం ఎవరైనా చేయగలరు. దాన్నీ చేయనివ్వకుండా ఆపుతున్నారని నా బాధ.

మల్టీమీటర్: ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది. నా బాధ వేరు. కోడ్‌లో సెన్సార్ పేరు కనబడగానే డబ్బు పోయడం అలవాటైతే, బండి ఏం చెబుతోందో వినే అలవాటు పోతుంది. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి మానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టడానికి ఏ మీటరూ అక్కర్లేదు.

పాతబండి: అలాగే విన్నాను. స్టార్ట్ చేయగానే మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ శబ్దం, వేడెక్కాక తగ్గుతోంది. గాస్కెట్ అంచున నల్లటి మసి ఉంది. గ్రాఫ్ కూడా నెమ్మదిగానే ఉంది. గాస్కెట్‌తో మొదలుపెడతాను. సెన్సార్ ఉన్నది ఆ మానిఫోల్డ్‌లోనే.

స్పానర్: అయితే మానిఫోల్డ్ దించినప్పుడే కొత్తది వేసేయండి. బల్ల మీద పెట్టి విప్పడం తేలిక.

మల్టీమీటర్: బల్ల మీదే విప్పండి, కానీ పాతదే తిరిగి బిగించి మళ్లీ గ్రాఫ్ చూడండి. లీకు పోయాక కూడా బద్ధకంగా ఉంటే కొత్తది కొనమని నేనే చెబుతాను.

స్పానర్: నేనైతే కొత్తదే వేస్తాను. పాతది బిగించేటట్లయితే సెన్సార్లకు పనికొచ్చే యాంటీ సీజ్ (మరలు బిగుసుకుపోకుండా రాసే పూత) మరలకు మాత్రమే రాయండి, మొనకు తగలనివ్వకండి. కొత్తదానికి చాలావరకు కంపెనీలోనే రాసి ఉంటుంది.